అటక ఖాళీ చేయమన్నారు

పైన కుట్టుమిషన్ మోత మొదలైందంటే చిన్నకోడలు లేచినట్టు. కింద కంప్యూటర్ ఫ్యాను గురగురలాడిందంటే పెద్దకోడలు లేచినట్టు. ఒకే ఇంటి పై వాటాలో ఒకరు, కింది వాటాలో ఒకరు ఉంటూ ఆ తోడికోడళ్ళిద్దరూ ఒకరి క్షేమం ఒకరు తెలుసుకునే పద్ధతి ఇదీ. ఇద్దరికీ మాటల్లేక రెండేళ్ళు కావస్తోంది.

మాటల్లేవు గానీ పని మాత్రం కలిసే చేస్తారు. చేయక చస్తారా, పని అలాంటిది మరి. దుకాణాల్లో వేలాడే బట్టలు పట్టని ఒళ్ళు ఊళ్ళో చాలా ఉంటాయి. గూని ఉన్నవాళ్ళు, ఒక భుజం దిగిపోయినవాళ్ళు, నడుముకి పట్టీ కట్టుకుని తిరిగేవాళ్ళు. అలాంటివాళ్ళకి కొలతలు తీసి కోట్లూ చొక్కాలూ కుట్టే ఇల్లది. పెద్దకోడలు కింద ముందుగదిలో మనిషిని నిలబెట్టి టేపుతో కొలిచి, కంప్యూటర్లో ముక్క ముక్కగా కటింగ్ గీస్తుంది. చిన్నకోడలు పైన ఆ గీతల్ని కాగితం మీదికి అచ్చు తీసుకుని, గుడ్డ కత్తిరించి కుడుతుంది. కింది గీతలు పైకి చేరడానికి ఉన్న ఒకే ఒక్క దారి అటక.

అటకంటే చెక్క అటక కాదు. నెలనెలా ఇంత అని కడితే మన ఫైళ్ళన్నీ ఎక్కడో తన దగ్గర దాచిపెట్టే ఒక కంపెనీ. దాని అసలు పేరు ఆ ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. "పైన పడేసి, కావాల్సినప్పుడు దింపుకుంటారంతేగా? అటక అంటే పోలా?" అని అత్తగారు తేల్చేసింది. అప్పట్నుంచీ అందరికీ అది అటకే.

మాటలు మానేశాక ఆ అటక మీదే ఓ కొత్త అలవాటు పుట్టింది. ఒకరోజు పెద్దకోడలు ఒంటికి కారం రాసుకున్నంత మంటమీద ఉండి, ఓ ఫైలుకి ‘నర్సమ్మ కోటు – ఈసారైనా జేబులు నిటారుగా’ అని పేరు పెట్టి పడేసింది. పైన కాసేపు మిషన్ ఆగింది. అదే ఫైలు కొత్త పేరుతో తిరిగొచ్చింది: ‘జేబులు నిటారుగానే ఉన్నాయి, చూసేవాళ్ళ తలే వంకర’. అంతే, అక్కడినుంచి మొదలు. చెప్పాల్సిందీ, తిట్టాల్సిందీ, ఎత్తిపొడవాల్సిందీ అన్నీ ఫైళ్ళ పేర్లలోకి ఎక్కాయి. ‘చంక దగ్గర గుడ్డ పుణ్యానికి రాలేదు’ అని కిందనుంచి పైకి. ‘గీసేవాళ్ళకేం తెలుసు కుట్టేవాళ్ళ తిప్పలు’ అని పైనుంచి కిందికి. వాళ్ళాయనలిద్దరూ అన్నదమ్ములు, నోరున్నా లేనట్టుండే రకం. ఎటు మాట్లాడినా దెబ్బ తమకే తగులుతుందని బాగా తెలిసినవాళ్ళు.

ఆ పొద్దున పెద్దకోడలు వయొలిన్ మేష్టారి కోటు కటింగ్ పూర్తి చేసింది. మేష్టారికి ఎడమ భుజం ఎత్తు. ‘మేష్టారి కోటు – ప్యాడ్ కుడివైపే పెట్టాలి, తమరి ఇష్టం వచ్చినవైపు కాదు’ అని పేరు పెట్టుకుని, బాగా కుదిరిందని తనలో తాను ముసిముసిగా నవ్వుకుని, అటక తెరిచింది. పైన ఎర్రటి పట్టీ కనపడింది.

‘మా సేవలు ఈ సాయంత్రంతో ముగుస్తున్నాయి. మీ ఫైళ్ళను దింపుకోండి. తరవాత అవి శాశ్వతంగా తొలగించబడతాయి. మాతో సాగిన మీ ప్రయాణానికి ధన్యవాదాలు.’

ఆమె రెండోసారి చదివింది. మూడోసారి చదవలేదు, అరిచింది.

"ఏమండీ!"

ఆయన సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో గుమ్మంలోకి వచ్చాడు. మందుల షాపులో పని ఆయనకి. టైముకి బయల్దేరడం, టైముకి రావడం తప్ప లోకంతో పెద్దగా పేచీ లేనివాడు.

"అటక మూసేస్తున్నారట! ఈ సాయంత్రానికే!"

"ఆఁ, అదా? మూసేస్తున్నారట కదా" అన్నాడు తాపీగా.

"‘కదా’ ఏమిటి ‘కదా’? మీకు ముందే తెలుసా?"

"మెయిళ్ళు వస్తున్నాయిలే చాన్నాళ్ళనుంచి. ఖాతా నా పేరు మీదుందిగా, నాకొచ్చాయి. నేను చదవలా. ‘ముఖ్య గమనిక’ అని పంపేవాడెవడూ ముఖ్యమైంది పంపడు, నీకు తెలీదా?"

"ఇల్లు కూల్చేస్తున్నామని ఉత్తరం రాసినా ఇలాగే పక్కన పెడతారా?"

"ఇంటిమీదికి వస్తే చదువుతా" అన్నాడాయన. అని, భార్య మొహం చూసి, నురగ తుడుచుకునే మిషమీద లోపలికి జారుకున్నాడు.

పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. మొగుడి మీద కొంత, కంపెనీ మీద చాలా. ఏళ్ళ తరబడి నెల తప్పకుండా కట్టించుకున్నారు. ఒక్కసారి ఆలస్యమైతే ‘మీ ఖాతా నిలిపివేయబడుతుంది’ అని బెదిరించారు. ఇప్పుడు గిట్టుబాటు కాలేదేమో, దుకాణం కట్టేస్తూ, పైగా ప్రయాణానికి ధన్యవాదాలట! ఎక్కడికి తీసుకెళ్ళారని ప్రయాణం? నడిదారిలో దింపేసి చెయ్యి ఊపడాన్ని ప్రయాణం అంటారా ఎవరైనా? అద్దె ఇంటివాడికైనా కాస్త మర్యాద ఉంటుంది, ఎదురుగా నిలబడి ఖాళీ చేయమంటాడు. వీడికి మొహమే లేదు, మొహం లేనివాడితో పోట్లాడేదెలా?

అయినా పోట్లాడి చూసింది. ‘సహాయం కావాలా?’ అన్న బొమ్మ నొక్కి, ఇంకొన్నాళ్ళు గడువు ఇవ్వమని రాసింది. ‘మీ ఆవేదన మాకు అర్థమైంది’ అని జవాబొచ్చింది. అర్థమైతే గడువివ్వమంది. ‘మీ ఆవేదన మాకు అర్థమైంది. ఇంకేమైనా సహాయం కావాలా?’ అంది అది. అటువైపున ఉన్నది మనిషి కాదని తెలిసేసరికి ఆమె అవతలివాణ్ణి తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ తనకే అడ్డంపడ్డాయి.

నిజానికి అంత కోపానికి ఇంకో కారణం ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. మరిది బస్సు డిపో దగ్గర ఒక గది చూశాడు. ఈ నెల దాటాక మిషన్లతో సహా అక్కడికి వెళ్ళిపోవాలని చిన్నకోడలి పట్టుదల. అత్తగారు ఆ మాట చెప్పినప్పుడు పెద్దకోడలు "పోతే పోనీండి, నాకేం" అంది. అని, పొయ్యి దగ్గరికి వెళ్ళి పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడింది. ఆ రోజంతా ఒకటే మాట చెప్పుకుని తనను తాను ఊరడించుకుంది: ఇల్లు మారితే మారనీ, అటక ఉంటుందిగా. రోజూ పొద్దున్నే ఏదో ఒకటి అంటుందిగా, నేనూ ఏదో ఒకటి అంటానుగా.

ఇప్పుడు ఆ అటకే లేదంటున్నారు. మిగిలిన ఆ కాస్త దారమూ తెంపుతున్నారు. తెంపుతూ ధన్యవాదాలంటున్నారు.

ఈ సంగతి పైన చెప్పాలి. చెప్పేదెవరు?

"నేను చెప్పను" అంది అత్తగారు, అడగకముందే. ఆవిడ కిందా పైనా రెండిళ్ళలోనూ టీ తాగుతుంది. "ఈ మెట్లెక్కేది నా కాళ్ళకోసం. మీ మాటలు మోయడానికి కాదు. నోళ్ళు లేవా మీకు? దేవుడిచ్చిన నోరు పెట్టుకుని కంప్యూటర్లో తిట్టుకుంటారేమిటే, చోద్యం కాకపోతే!"

పెద్దకోడలు ఖాళీ ఫైలొకటి చేసి, ‘అటక ఈ సాయంత్రం మూసేస్తారు’ అని పేరు పెట్టి పడేసింది.

పైన మిషన్ ఠక్కున ఆగింది. జవాబు వెంటనే వచ్చింది: ‘ఎవరి నిర్వాకం’.

‘కంపెనీది. చెప్పనిది మీ బావగారు’.

‘తెలిసింది. ఆయన మొహానికి సగం గడ్డమే ఉంది, మెట్లమీంచి చూశాను’.

పెద్దకోడలికి నవ్వొచ్చింది. నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. పక్కనే ఉన్న అత్తగారు చూడనట్టు కిటికీవైపు తిరిగింది.

‘అన్నీ దింపిస్తున్నా’ అని రాసింది.

‘ఏదీ పోకూడదు’ అని వచ్చింది పైనుంచి. కాసేపాగి ఇంకోటి వచ్చింది: ‘ఏదీ’.

మొగుడి చేత సెలవు పెట్టించింది. తప్పు చేసినవాడు కాబట్టి ఆయన కిక్కురుమనకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ‘అన్నీ ఒకేసారి దింపుకోండి’ అని ఒక మీట ఉంది. నొక్కాడు. పచ్చగీత ఒకటి నత్తలా పాకడం మొదలుపెట్టింది. మధ్యాహ్నమైంది. భోజనాలయ్యాయి. గీత సగం దాటింది. పెద్దకోడలు దాని ఎదుటినుంచి కదల్లేదు, జ్వరమొచ్చిన చంటిపిల్ల పక్కన కూర్చున్నట్టు కూర్చుంది. పొద్దు వాలుతుండగా గీత చివరికంటా చేరింది. ఆయన "చూశావా, నేను ఉండగా నీకెందుకు దిగులు?" అన్నాడు కాలరెగరేసి. ఆ తరవాత కొద్దిసేపటికే ఎర్రపట్టీ పోయి, అటక ఉన్నచోట తెల్లటి పేజీ, దాని మధ్యలో ‘సెలవు’ అన్న మాటా మిగిలాయి.

దించిన మూట విప్పారు.

ఫైళ్ళన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా పోలేదు. కానీ ఒక్కదానికీ పేరు లేదు. పేరు ఉండాల్సిన చోట వరసగా అడ్డగీతలు, చివర ఒక అంకె. గీతలూ ఒకటి, గీతలూ రెండు, గీతలూ మూడు. కిందకి జరుపుకుంటూ పోతే అవే గీతలు.

"పేర్లేవి?" అంది పెద్దకోడలు.

ఆయన అటూ ఇటూ నొక్కి చూశాడు. "వాడి మూటగట్టే యంత్రానికి మన అక్షరాలు తెలీనట్టున్నాయి. తెలీనివన్నీ గీతలు చేసేసింది."

"తెలీకపోతే అడగొద్దూ? ఇన్నేళ్ళు దాచినప్పుడు మన అక్షరాలు పనికొచ్చాయి, డబ్బు తీసుకున్నప్పుడు పనికొచ్చాయి, తిరిగిచ్చేటప్పుడు చెత్తయిపోయాయా?"

"కటింగులున్నాయి కదే. అసలు సరుకదేగా. పేర్లదేముంది, తీరిగ్గా మళ్ళీ పెట్టుకోవచ్చు."

"పేర్లదేముందా?"

ఈయనకి ఏమని చెప్పేది? కిందటి చలికాలం తను దగ్గుతో పడుకుంటే ఒక ఫైలు వచ్చింది, ‘కాలర్ తగ్గించాను. దగ్గు వినపడుతోంది, మందు వేసుకోమనండి’ అని. ఎవరితోనో చెబుతున్నట్టు, ఎవరినో వేసుకోమన్నట్టు. చిన్నకోడలు తిండి మాని కుడుతుందని తెలిసి తను ఒకసారి ‘లైనింగ్ తరవాత, ముందు అన్నం తినమనండి’ అని పేరు పెట్టింది. ఆ రోజు పైన మిషన్ ఆగి, గిన్నెల చప్పుడు వినపడేదాకా చెవి అటే వేసుకుని కూర్చుంది. తిట్ల మధ్య అలాంటివి ఎన్నో ఉన్నాయి. అవన్నీ ఇప్పుడు అడ్డగీతలు.

కళ్ళు తుడుచుకోబోతుంటే మెట్లమీద అడుగుల చప్పుడైంది. అత్తగారివి కావు. అత్తగారు ఒక్కో మెట్టుకీ ఆగుతుంది, ఇవి ధడధడా దిగుతున్నాయి.

చిన్నకోడలు గుమ్మంలో నిలబడింది. మెడలో టేపు, జుట్టులో సుద్దపొడి. మాట్లాడక రెండేళ్ళయినా మొదటిమాట నిన్న వదిలేసినట్టే వచ్చింది.

"అక్కా, పేర్లేవి? అన్నీ గీతలైపోయాయని బావగారు అంటుంటే పైకి వినపడింది. ఏదీ పోకూడదన్నానా లేదా?"

"నన్నడుగుతావేం? నేను చెరిపానా?"

"దింపుతున్నా అన్నావు. నీ మీదే వదిలేశాను. నీ మీద వదిలితే ఇంతేగా! నా మాటలన్నీ పోయాయి."

"నీ మాటలేనా? నావి కావా?"

"నీకేం, హాయి. ఇక ఎవరిది తప్పో తేలదుగా!"

ఆ ‘ఎవరిది తప్పు’ అన్నదే అసలు గొడవ. రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు మైకులో చెప్పే ఆయన ఒకాయన ఉన్నాడు, ఇంట్లో అందరూ ఆయన్ని రైలాయన అంటారు. ఆయనకి ఒక చెయ్యి పొట్టి. ఎదురుగా నిలబడి కొలుస్తూ పెద్దకోడలు తన ఎడమను ఆయన ఎడమ అనుకుంది. తరవాత నాలుక కరుచుకుని, సరిచేసి ఇంకో ఫైలు పెట్టింది. మొదటి దాని పేరు ‘చివరిది’, రెండోదాని పేరూ ‘చివరిదే’. చిన్నకోడలు మొదటిది తీసి కుట్టింది. పొడుగు చేతికి పొట్టి గుడ్డ, పొట్టి చేతికి పొడుగు గుడ్డ. కోటు తొడుక్కుని ఆయన అద్దంలో చూసుకుంటుంటే, పెద్దకోడలు పరువు పోతుందన్న తొందరలో "ఆ కుట్టు నాది కాదండీ" అనేసింది. చిన్నకోడలు పక్కనే గుండీల డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. డబ్బా కింద పెట్టి పైకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ గది గుమ్మం తొక్కడం ఇదే.

"సరైనది నేను ముందే పెట్టాను" అంది పెద్దకోడలు. "నువ్వు కత్తెర పట్టకముందే ఉంది. ఎప్పుడు పెట్టానో అటక మీద టైముతో సహా ఉండేది. అదే సాక్ష్యం అని మొదట్నుంచీ చెబుతున్నా."

"నేను కత్తిరించేటప్పటికి ఒక్కటే ఉంది. ఆ సాక్ష్యమే నాకూ కావాలి."

"మరి చూసుకోపోయావా? ఇన్నాళ్ళూ నీ చేతిలో లేదూ?"

"నీ చేతిలో లేదూ? సాక్ష్యం, సాక్ష్యం అని అత్తయ్యగారి ముందు అన్నిసార్లు అన్నావే, ఒక్కరోజు తెరిచి చూపించావా? ఎందుకు చూడలేదు?"

పెద్దకోడలు కంప్యూటర్‌వైపు తిరిగింది. ఎన్నిసార్లు ఆ ఫైలు దాకా వెళ్ళి ఆగిపోయిందో ఆమెకే తెలుసు.

"నువ్వెందుకు చూడలేదు, చెప్పు" అంది.

చిన్నకోడలు టేపు చివర వేలికి చుట్టుకుంటోంది. చుట్టిందే చుట్టింది. పెద్దకోడలి మొగుడు ఇదే అదననుకుని కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

"భయమేసింది" అంది చిన్నకోడలు. "నాదే తప్పని తేలితే నిన్ను ఎలా చూడను? నీదని తేలితే నువ్వు నాతో ఇంకెప్పటికీ... నీ సంగతి నాకు తెలీదా అక్కా? ఓడిపోతే నువ్వు అన్నం కూడా తినవు."

"నాకూ అంతే" అంది పెద్దకోడలు. ఇంక దాచుకోలేకపోయింది, కన్నీళ్ళు బొటబొటా కారాయి. "నేను గెలిస్తే నువ్వు పైనుంచి దిగవు. నువ్వు గెలిస్తే నేను తలెత్తలేను. తేలకుండా ఉంటేనే నయం, రోజూ తిట్టుకోవడానికైనా ఉంటుంది అనుకున్నా. ఇప్పుడు వాడెవడో వచ్చి అదీ ఎత్తుకుపోయాడు!"

"ముదనష్టపు కంపెనీ!" అంది చిన్నకోడలు.

"మొహంలేని కంపెనీ! ఆవేదన అర్థమైందట వాడికి!"

"అన్నాడా అలాగ? సిగ్గులేకుండా?"

"రెండుసార్లన్నాడు!"

ఇద్దరూ కలిసి ఆ కంపెనీని దుమ్మెత్తిపోశారు. ఒకరు ఆగితే ఒకరు అందుకున్నారు. మెట్లమీద కూర్చుని వింటున్న అత్తగారు "కానీండి, కానీండి, వాడికి ఆ మాత్రం పడాల్సిందే" అని ఎగదోసింది. తిట్టి తిట్టి ఇద్దరికీ ఆయాసమొచ్చింది. పెద్దకోడలు పక్కనున్న స్టూలు కాలితో ఇవతలికి లాగింది. కూర్చోమని అనలేదు. చిన్నకోడలు కూర్చుంది.

"ఇవన్నీ ఎవరివో ఎలా తెలుస్తుంది ఇప్పుడు?" అంది గీతల వరస చూస్తూ.

పెద్దకోడలు ఒకటి తెరిచింది. ఎడమ భుజం ఎత్తుగా, మెడ కాస్త పక్కకి.

"వయొలిన్ మేష్టారు" అన్నారిద్దరూ ఒకేసారి.

"కిందటేడు కోటుది ఇది. నువ్వేం పేరు పెట్టావో గుర్తుందా?" అంది చిన్నకోడలు.

"‘మేష్టారు వాయించేటప్పుడు చంక చిరిగితే పాపం ఎవరిది’."

"నేను తిరిగి పెట్టింది, ‘రాగం తీసేవాడిది’."

పెద్దకోడలు పకపకా నవ్వింది. ఇంకోటి తెరిచింది. ముందు పొట్టి, వెనక పొడుగు.

"గూనిబామ్మగారి చలికోటు. ‘బామ్మగారి వెనకవైపు పెంచాను, ముందువైపు నోరు తగ్గించలేను’ అన్నావు నువ్వు" అంది.

"నీకు అవి కూడా గుర్తున్నాయా?"

"అన్నీ గుర్తే. దగ్గుమందు కూడా గుర్తే."

చిన్నకోడలు తల వంచుకుంది. "నాకు అన్నం గుర్తుంది" అంది.

ఒక్కో ఒళ్ళూ తెరవడం, అది ఎవరిదో చెప్పుకోవడం, ఆ రోజు ఎవరేమన్నారో తలుచుకోవడం. నడుంపట్టీ అమ్మాయి, నర్సమ్మ, ఓడలో వంటచేసి రిటైరైన పెద్దాయన. ఆ యంత్రం చదవలేక గీతలు చేసిన మాటలన్నీ ఇద్దరి నోళ్ళలోనూ భద్రంగా ఉన్నాయి. అత్తగారు టీ తెచ్చి బల్లమీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళింది. ఆవిడ నోరు మూసుకుని ఉండటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

అలా వెళ్తూ వెళ్తూ ఆ రెండు ఫైళ్ళ దగ్గరికి వచ్చారు. ఒకదాని పక్కన ఒకటి. ఒకదాంట్లో ఈ చెయ్యి పొట్టి, ఇంకోదాంట్లో ఆ చెయ్యి పొట్టి. ఏది ఎప్పుడు పెట్టిందో తెలియదు. రెండిటికీ ఈ రోజు తేదీనే పడింది.

ఇద్దరూ నవ్వడం మానేశారు.

"రెండూ తీసెయ్ అక్కా" అంది చిన్నకోడలు మెల్లగా.

"ఒకటి ఉండాలి" అంది పెద్దకోడలు. ఫోన్ తీసుకుని, స్పీకర్ పెట్టి, రైలాయనకి కలిపింది.

"హలో" అన్న ఆ ఒక్క మాటకే గది మారుమోగింది. ఫోన్లో కూడా ఆయన బండి వస్తోందన్నట్టే మాట్లాడతాడు.

"నేనండీ, కోట్లు కుట్టే ఇంటినుంచి. మీకు ఒక కోటు కుట్టాం, చేతులు తారుమారయ్యాయి..."

"ఆ, అదా అమ్మా! పర్లేదు పర్లేదు. అదే వేసుకుంటున్నా. పొడుగుది మడిచేస్తా, రెండోదానికి పొడుగు గ్లౌజు తొడుగుతా. అలవాటైపోయింది."

"పర్లేదు కాదండీ. తప్పు మాది." పెద్దకోడలు పక్కకి చూడలేదు, కానీ పక్కనున్న మనిషి ఊపిరి బిగపట్టడం వినపడింది. "ఆ రోజు నేను అన్నమాట అబద్ధం. ఆ కుట్టు మాదే. గీసిందీ మేమే, కుట్టిందీ మేమే. మా ఇద్దరిదీ. కొత్తది మళ్ళీ కుట్టిస్తాం, ఒకసారి రండి."

అవతల వెనకాల ఎక్కడో బండి కూత వినపడింది.

"అమ్మా" అన్నాడాయన. ఈసారి ఆ గొంతు చాలా చిన్నదిగా ఉంది. "మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా ఇప్పుడు?"

పెద్దకోడలు ఫోన్‌ని స్టూలువైపు జరిపింది.

"ఆ రోజు ఆ అమ్మాయి డబ్బా కింద పెట్టి వెళ్ళిపోయింది చూడండి, అది నా కళ్ళముందే ఉండిపోయింది. మీకు మాటల్లేవని ఊళ్ళో విని, నా పాడు చెయ్యి మూలాన ఒక ఇంట్లో పొయ్యి రెండైందే అని ఎన్నిసార్లనుకున్నానో. ఆ వీధి గుండా రావడమే మానేశాను తల్లీ. అందుకే ఆ కోటు సరిచేయించుకోడానికి కూడా రాలేదు."

చిన్నకోడలు ఫోన్‌వైపు వంగింది. కళ్ళనుంచి ధారలు కారుతున్నాయి, తుడుచుకోవడంలేదు. "రండి బాబాయిగారూ" అంది. "మాట్లాడుకుంటున్నాం. నేను ఇక్కడే ఉన్నాను, అక్క పక్కనే ఉన్నాను. ఇంతకీ ఏ చెయ్యండీ పొట్టిది?"

"కుడిదమ్మా."

"మీ కుడివైపా, మా కుడివైపా?" అన్నారిద్దరూ కంగారుగా.

ఆయన నవ్విన నవ్వుకి వంటింట్లో దాక్కున్న పెద్దకోడలి మొగుడు కూడా బయటికి తొంగిచూశాడు.

ఫోన్ పెట్టేశాక పెద్దకోడలు తప్పు ఫైలు తీసేసింది. చీర కొంగుతో మొహం తుడుచుకుని, వేరే ఎటో చూస్తూ అడిగింది.

"ఆ డిపో దగ్గర గది సంగతేమైంది?"

చిన్నకోడలు సుద్దముక్కని గోటితో గీకుతోంది. "దానికి కిటికీ లేదక్కా" అంది. "వెలుతురు లేని చోట నల్లగుడ్డ మీద నల్లదారం ఏం కనపడుతుంది? ఆయనకి చెప్పాను, వద్దని."

"ఎప్పుడు చెప్పావు?"

"ఇంకా చెప్పలేదు. ఇప్పుడు చెబుతా."

పెద్దకోడలు చల్లారిపోయిన టీ రెండు గుక్కల్లో తాగేసి, మిగిలిన ఫైలుకి పేరు పెట్టడానికి వేళ్ళు ఆనించింది. అలవాటు కొద్దీ ఓ ఎత్తిపొడుపు వేళ్ళ చివరిదాకా వచ్చింది. ఆగి, ‘రైలాయన కోటు’ అని మాత్రం రాసింది.

"ఇంతేనా?" అంది చిన్నకోడలు చిన్నబుచ్చుకుని. "ఇంకేం రాయవా?"

"ఎందుకు రాయడం?" అంది పెద్దకోడలు, ఆమె జుట్టులో సుద్దపొడి దులుపుతూ. "ఎదురుగా ఉన్నావుగా, నోటితో తిడతా."